కొత్త తెర, పాత బటన్లు: కార్లలో స్టీరియో మార్పిడి

కారులో కంపెనీ ఇచ్చిన స్టీరియో తీసేసి దాని చోట పెద్ద టచ్ తెర బిగించడం ఒక పని. ఆ మార్పు తర్వాత కూడా స్టీరింగు మీది బటన్లు, వెనుక కెమెరా, పైకప్పులోని మైకు, ఏసీ మీటలు ఎప్పటిలాగే పలికేలా చూసుకోవడం మరో పని. మొదటిది డబ్బుంటే అయిపోతుంది. రెండోదానికి పని తెలిసిన చెయ్యి కావాలి. కార్ డెకర్స్ షాపులో బేరమంతా మొదటిదాని మీదే నడుస్తుంది: ఎన్ని అంగుళాలు, ఎంత ర్యామ్, ఏ ఆండ్రాయిడ్ అని. బండి ఇంటికొచ్చాక తలనొప్పులన్నీ రెండోదానితోనే. అందువల్ల ఈ వ్యాసంలో తెరల కంటే వాటి వెనుకున్న వైర్ల గురించే ఎక్కువ ఉంటుంది.

గట్టు మీద బండి

పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరానికీ ఆకివీడుకూ నడుమ, పామర్రు–దిగమర్రు జాతీయ రహదారి మీదున్న మండల కేంద్రం ఉండి. చేపల పరిశోధన కేంద్రం ఉన్న ఊరు. ఇక్కడి నుంచి కొల్లేరు వైపు పోయే దారుల్లో చాలావాటికి ఒక పక్క కాలువ, ఇంకో పక్క చెరువు. ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే సంగతి వేరు. అక్కడ తెర వంక ఓ క్షణం చూసినా పక్క లేనుండి ఎవడో హారన్ కొట్టి గుర్తు చేస్తాడు. చెరువు గట్టు మీద హారన్ కొట్టేవాడు కూడా ఉండడు.

చెరువుల్లో ప్రాణవాయువు బాగా తగ్గేది తెల్లవారుజామున. ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే కాపలా మనిషి దగ్గర్నుంచి రైతుకు ఫోను వస్తుంది. జనరేటరు ఆన్ చేయించాలన్నా, తానే వెళ్లాలన్నా ఆ ఫోను బండిలో ఉండగానే ఎత్తాలి. చీకట్లో, బండి వెడల్పుకు సరిగ్గా సరిపోయే గట్టు మీద, తెరపై పచ్చగుర్తు ఏ మూలనుందో వెతికి వేలు పెట్టే తీరిక ఎవరికీ ఉండదు. బొటనవేలి కింద బటన్ ఉండాలి, నొక్కితే అది పలకాలి. తిప్పుకోవడానికి చోటు లేని గట్టు మీద ఎంత దూరం పోయారో అంత దూరం వెనక్కి రావాలి కాబట్టి రివర్స్ గేరు పడగానే కెమెరా బొమ్మ కూడా వచ్చి తీరాలి. నగరంలో సౌకర్యమనిపించుకునే ఈ రెండు అమరికలూ డెల్టాలో అవసరాలు.

పెట్టె నుంచి తెర దాకా

కారు రేడియోను ముందుగా పెద్దఎత్తున అమ్మింది అమెరికాలో గాల్విన్ సోదరులు. 1930లో వారు తెచ్చిన రేడియో పేరు మోటరోలా, తర్వాత అదే కంపెనీ పేరైంది. మన దగ్గర అంబాసిడర్, ఫియట్ రోజుల్లో రేడియో అంటే డాష్‌బోర్డు కింద వేరుగా వేలాడే పెట్టె. దానికి తపాలా శాఖ లైసెన్సు కూడా కట్టాల్సి వచ్చేది. 1948లో మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం పాటలు ఆ పెట్టెల్లోనే మోగాయి. ఆ తర్వాత టేపులు, సీడీలు. ఎవరికి ఏ పెట్టె నచ్చితే అది బిగించుకునేవారు. తీసేస్తే కారుకు తెలిసేది కాదు, ఎందుకంటే కారుకూ దానికీ మధ్య కరెంటు తప్ప వేరే సంబంధమే లేదు.

ఆ స్వేచ్ఛకు ఒక కొలత కూడా తోడైంది. జర్మనీలో పుట్టి ఐఎస్‌ఓ 7736 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైన ఆ కొలత ప్రకారం స్టీరియో ముఖం సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. దీన్నే సింగిల్ డిన్ అంటారు. ఎత్తు రెట్టింపైతే డబుల్ డిన్. టయోటా వంటి జపాన్ కార్లలో వెడల్పు 200 మిల్లీమీటర్లు. అందుకే కొన్ని బండ్లలో పక్కల ఖాళీ మిగిలి, దాన్ని మూయడానికి ప్లాస్టిక్ ముక్కలు పెట్టేవారు. ఇప్పుడు 9, 10 అంగుళాల తెరలకు ఒక్కో మోడలుకు ఒక్కో ఫ్రేము దొరుకుతుంది. ఫ్రేము అతికినట్టు కూర్చుంటే లోపల అన్నీ సరిపోయినట్టే అని కొనేవాళ్లు అనుకుంటారు. అసలు మోసపోయేది అక్కడే.

టచ్ తెర కొత్తదేమీ కాదు. 1986 బ్యూయిక్ రివియెరాలో 9 అంగుళాల టచ్ తెర ఉంది, అదీ పాత టీవీల్లో ఉండే గాజు గొట్టం తెర. ఏసీ చలి మార్చాలన్నా దాని వైపే చూడాల్సి రావడంతో కొన్నవాళ్లు విసుక్కున్నారు. కొన్నేళ్లకే కంపెనీ దాన్ని విరమించుకుంది. 2012లో టెస్లా మోడల్ ఎస్ 17 అంగుళాల తెరతో వచ్చి ఆ పాఠాన్ని అందరిచేతా మరపించింది. ఆపిల్ కార్‌ప్లే 2014లోనూ, ఆండ్రాయిడ్ ఆటో 2015లోనూ కార్లలోకి వచ్చాయి. ఫోనులోని మ్యాపు, పాటలు నేరుగా తెరపైకి ఎక్కడంతో పాత కారు ఉన్నవాడికి కూడా తెర మీద మనసైంది. 2019 ఆగస్టులో పెనుకొండ దగ్గరి ఎర్రమంచి ప్లాంటు నుంచి కియా సెల్టోస్ వచ్చింది. పైశ్రేణి మోడళ్లలో 10.25 అంగుళాల తెర ఫ్యాక్టరీలోనే అమర్చి ఇచ్చారు. రాయలసీమలో తయారైన ఆ బండి పక్కన నిలబెడితే, నాలుగైదేళ్ల నాటి సొంత బండి డాష్‌బోర్డు వెలవెలబోతుంది మరి.

బటన్లు మాట్లాడే భాషలు

ఈ విషయానికి గుండెకాయ ఇదే. స్టీరింగు మీద ఒకేలా కనిపించే బటన్లు లోపల రెండు మూడు వేర్వేరు భాషల్లో మాట్లాడతాయి. కొత్త తెరకు ఆ భాష వస్తేనే బటన్ పలుకుతుంది.

పాతదీ తేలికైనదీ రెసిస్టర్ల పద్ధతి. బటన్లన్నిటికీ కలిపి ఒకటో రెండో వైర్లు, ఒక్కో బటన్ వెనుక ఒక్కో విలువ గల రెసిస్టర్. తెర ఆ వైరులోకి చిన్న వోల్టేజీ పంపి, బటన్ నొక్కినప్పుడు అది ఎంతకు పడిపోయిందో కొలుస్తుంది. లెక్క వేసి చూద్దాం. తెర లోపల 1,000 ఓములు ఉండి, 3.3 వోల్టులు పంపుతోందనుకుందాం. సౌండు పెంచే బటన్ వెనుక 330 ఓములుంటే తెరకు అందేది 0.82 వోల్టు. తగ్గించే బటన్ వెనుక 1,000 ఓములుంటే 1.65, తర్వాతి పాట బటన్ వెనుక 3,300 ఉంటే 2.53. ఈ అంకెలను తెరకు నేర్పించడమే మెకానిక్ చేసే పని. సెట్టింగుల్లోకి వెళ్లి, తెరపై గుర్తును తాకి, స్టీరింగు మీద బటన్ నొక్కి పట్టుకుంటాడు. ఆండ్రాయిడ్ తెరల వెనుక కీ 1, కీ 2 అని రాసి ఉండే వైర్లు దీనికోసమే. వాటిని కలపకుండా చుట్టి వదిలేసి, 'ఈ మోడలుకు స్టీరింగ్ కంట్రోల్ రాదండీ' అని చెప్పే షాపులూ లేకపోలేదు. చాలా సందర్భాల్లో రానిది కంట్రోలు కాదు, మెకానిక్‌కు ఓపిక.

డెల్టా తేమ దెబ్బ తగిలేది కూడా ఈ పద్ధతికే. ఉప్పునీటి గాలి, వానాకాలం చెమ్మ చేరి కప్లర్ పిన్నుల మీద చిలుము పడుతుంది. చిలుము కూడా ఒక నిరోధమే. పై లెక్కలో మరో 200 ఓములు కలిస్తే సౌండు పెంచే బటన్ 0.82 బదులు 1.14 వోల్టు దగ్గర పలుకుతుంది. ఇంకాస్త చిలుము పడితే అది తగ్గించే బటనై కూర్చుంటుంది. సౌండు పెంచబోతే తగ్గుతోందని వచ్చే ఫిర్యాదులో తరచు తప్పు తెరది కాదు, స్టీరింగుదీ కాదు. మధ్యలో వైరును కోసి, చేత్తో మెలిపెట్టి, పైన టేపు చుట్టిన అతుకుది. టేపు జిగురు ఎండకు కరిగి జారాక లోపలి రాగి పచ్చబడటానికి ఒక్క వర్షాకాలం చాలు.

రెండో భాష క్యాన్. బాష్ కంపెనీ 1983లో మొదలుపెట్టి 1986లో ప్రపంచం ముందుంచిన పద్ధతి ఇది. 1993లో ఐఎస్‌ఓ 11898 పేరుతో ప్రమాణమైంది. మెలిపెట్టిన రెండే వైర్ల మీద ఇంజన్, బ్రేకులు, తలుపులు, ఏసీ, స్టీరియో అన్నీ ఊరి రచ్చబండ మీదిలా మాట్లాడుకుంటాయి. ఒకరు చెప్పింది అందరికీ వినబడుతుంది, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు. ఇక్కడ బటన్ నొక్కితే పడిపోయే వోల్టేజీ ఏమీ ఉండదు, 'సౌండు పెంచమన్నారు' అనే సందేశం వెళ్తుంది. ఆ సందేశానికి ఏ సంఖ్య వాడాలో ప్రతి కంపెనీ తనకు నచ్చినట్టు పెట్టుకుంది. అందుకే మధ్యలో ఒక దుబాసీ కావాలి. షాపుల్లో క్యాన్‌బస్ బాక్స్ అనే అగ్గిపెట్టెంత డబ్బీ ఆ పని చేస్తుంది. కారు భాష విని, తెరకు అర్థమయ్యేలా తిరిగి చెబుతుంది. రైజ్, హైవరల్డ్ వంటి చైనా కంపెనీలవి ఎక్కువగా దొరుకుతాయి. తెరలోని ఫ్యాక్టరీ సెట్టింగుల్లో ఆ డబ్బీ పేరు, కారు మోడలు, తయారైన సంవత్సరం సరిగ్గా ఎంచుకోవాలి. పక్క మోడలు ఎంచుకుంటే సగం బటన్లు పనిచేస్తాయి, మిగతా సగం మౌనం పాటిస్తాయి. ఈ సగం పనిచేయడమే ఎక్కువ గందరగోళం. అసలు పనిచేయకపోతే ఏదో కలపలేదని వెంటనే తెలిసిపోయేది.

లిన్ అనే మూడో భాష ఒకే వైరు మీద నడుస్తుంది. చాలా కొత్త కార్లలో స్టీరింగు లోపలి బటన్లు లిన్‌లో మాట్లాడితే, అక్కడున్న మరో పెట్టె దాన్ని క్యాన్‌లోకి మారుస్తుంది. జర్మన్ పెద్ద కార్లలో కొన్నింట మోస్ట్ అనే ఆప్టికల్ ఫైబర్ వలయం ఉంటుంది. దాంట్లో స్టీరియోను ఊడబీకితే వలయమే తెగి ఆంప్లిఫయరు కూడా మూగదవుతుంది. అలాంటి బండిని వీధి చివర షాపులో విప్పించకపోవడమే మేలు.

రంగుల లెక్క, కొన్ని ఇబ్బందులు

కొత్త తెరల వెనుక వైర్ల రంగులు దాదాపు అన్నింట ఒకటే. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్తు, నీలం యాంటెన్నాకు, నీలం మీద తెల్లచార ఆంప్లిఫయరుకు, నారింజ లైట్లు వేసినప్పుడు తెర వెలుగు తగ్గించడానికి. ముందు స్పీకర్లకు తెలుపు, బూడిద జతలు, వెనుక వాటికి పచ్చ, ఊదా. ఈ రంగులు తెర తయారీదారులవి, కారు కంపెనీలవి కావు. కారు వైపు పసుపు కనబడితే అదే పసుపని కలిపితే ఫ్యూజు పోవచ్చు. అదృష్టం బాగోకపోతే ఫ్యూజు పోకపోవచ్చు కూడా, అప్పుడు వైరే కాలుతుంది. కారు కప్లర్‌కు సరిగ్గా సరిపోయే మారు కప్లర్ కొని, దాన్నుంచి తెరకు కలపడమే పద్ధతి. కోయకుండా కలపడమంటే ఇదే.

నారింజ వైరును చాలామంది లెక్కచెయ్యరు. అది కలపకపోతే రాత్రి గట్టు దారిలో 10 అంగుళాల తెల్లటి మ్యాపు ముఖం మీద టార్చి వేసినట్టుంటుంది. కళ్లు దానికి అలవాటు పడ్డాక బయట చీకట్లో గేదె కనబడదు.

వెనుక కెమెరా దగ్గర ఇంకో తిరకాసు. కొన్ని కార్లలో కంపెనీ కెమెరా 6 వోల్టుల మీద నడుస్తుంది. కొత్త తెర ఇచ్చేది 12. నేరుగా కలిపితే కెమెరా ఆ రోజు బాగానే చూపించి తర్వాత ఎప్పుడో కాలిపోతుంది. మధ్యలో వోల్టేజీ తగ్గించే చిన్న పరికరం పెట్టాలి. 2019 జులై 1 నుంచి దేశంలో కొత్త కార్లకు వెనుక పార్కింగు సెన్సర్లు తప్పనిసరి. ఆ సెన్సర్ల బీప్ శబ్దం కొన్ని బండ్లలో కంపెనీ స్టీరియో స్పీకరు నుంచే వస్తుంది. తెర మార్చాక ఆ శబ్దం ఆగిపోయిందేమో షాపులోనే రివర్స్ వేసి చూసుకోవాలి.

మైకు సంగతి ఇంకా చిన్నది, ఇంకా చిరాకుది. తెరతో పాటు వచ్చే మైకును స్టీరింగు వెనుక ఎక్కడో దూర్చేస్తారు. అవతలివాళ్లకు మన గొంతు కంటే ఏసీ గాలే ఎక్కువ వినబడుతుంది. పైకప్పులో కంపెనీ పెట్టిన మైకు తలకు దగ్గరగా ఉంటుంది. దానికి కావలసిన చిన్న వోల్టేజీ ఇచ్చే అడాప్టరుతో దాన్నే వాడుకోవచ్చు. అడగని పాపానికి ఎవరూ పెట్టరు.

బ్యాటరీ దిగిపోవడం ఈ ప్రాంతంలో ఎక్కువగా వినబడే మరో గోడు. పిల్లలు అమెరికాలో, పెద్దలు ఇంట్లో, కారు షెడ్డులో. వారాలతరబడి కదలదు. తాళం తీశాక బండి మొత్తం 50 మిల్లీఆంపియర్లు తాగినా రోజుకు 1.2 ఆంపియర్ గంటలు, 35 ఆంపియర్ గంటల చిన్న బ్యాటరీ నెల దాకా నెట్టుకొస్తుంది. తెర నిద్రపోకుండానో, క్యాన్‌బస్ డబ్బీ కారు వైర్లను మేలుకొలుపుతూనో 300 మిల్లీఆంపియర్లు పోతుంటే ఐదో రోజుకల్లా ఖాళీ. వెంటనే ఆన్ అవుతుందని గొప్పగా చెప్పే తెరల్లో కొన్ని అసలు నిద్రేపోవు. తెర బిగించాక కారును తాళం వేసి అరగంట వదిలి, మల్టీమీటరుతో ఈ కరెంటు కొలిచే షాపు దొరికితే దాన్ని వదులుకోకూడదు.

స్టీరింగు విప్పడం మాత్రం వేరే విద్య. అడుగు మోడలులో లేని బటన్లను పైమోడలు నుంచి తెచ్చి పెట్టాలంటే ఎయిర్‌బ్యాగ్ తీయాలి, లోపల చుట్టుకుని ఉండే క్లాక్ స్ప్రింగ్ మార్చాలి. బ్యాటరీ తీసి కొన్ని నిమిషాలు ఆగకుండా ఎయిర్‌బ్యాగ్ కప్లర్‌ను ముట్టుకోకూడదు, దాని పెట్టెలో కరెంటు కొంతసేపు నిలవ ఉంటుంది. క్లాక్ స్ప్రింగ్‌ను నడిమధ్య నిలపకుండా బిగిస్తే ఒక పూర్తి మలుపులో తెగి, హారన్, బటన్లు, ఎయిర్‌బ్యాగ్ ఒకేసారి పోతాయి.

తెర మార్చకుండానే

కంపెనీ తెరే బాగుండి, వైరు లేని కార్‌ప్లేనో ఆండ్రాయిడ్ ఆటోనో మాత్రమే కావాలనుకుంటే యూఎస్‌బీలో పెట్టే చిన్న డాంగిల్ చాలు. కంపెనీ తెర అప్పటికే వైరుతో కార్‌ప్లే ఇచ్చేదై ఉండాలన్నది ఒక్కటే షరతు. బటన్లు, కెమెరా, మైకు ఏదీ కదలదు. ఏసీ బొమ్మలు, తలుపు హెచ్చరికలు కూడా తెరలోనే కలిసిపోయిన సెల్టోస్ తరహా కొత్త కార్లకు నిజానికి ఇదే తగిన దారి. ఏ తెరా లేని పాత బండికే పూర్తి మార్పిడి అర్థవంతం.

చట్టం, కొలతలు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కారు నమోదు పత్రంలోని వివరాలకు భిన్నమైన మార్పులను అడ్డుకుంటుంది. స్టీరియో ఆ వివరాల్లో లేదు కాబట్టి తెర మార్చడం నేరం కాదు. వైరింగు కోస్తే వారంటీ చిక్కులు రావచ్చు, అది కంపెనీకీ కొన్నవారికీ మధ్య సంగతి. నడుస్తున్న బండిలో వీడియో చూడటం మాత్రం వేరు. 2017 నాటి డ్రైవింగు నిబంధనల ప్రకారం డ్రైవరు దారి తెలుసుకోవడానికి తప్ప వీడియో చూడకూడదు. తెర తయారీదారులు అందుకే హ్యాండ్‌బ్రేక్ వైరు ఒకటి పెడతారు, బ్రేకు వేసి ఉంటేనే వీడియో ఆడుతుంది. షాపులో మొదటగా చేసే పని ఆ వైరును తెచ్చి ఎర్తుకు కలిపేయడం. సినిమా ఎప్పుడూ ఆడుతుంది, గిరాకీ సంతోషిస్తాడు.

బటన్ల విలువను కొలిచి చూపినవాళ్లు స్వీడన్‌లో ఉన్నారు. వీ బిలాగరే అనే కార్ల పత్రిక 2022లో 11 కొత్త కార్లనూ, బటన్లున్న 2005 నాటి వోల్వో వీ70నూ గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడిపించి, రేడియో మార్చడం, ఏసీ సరిచేయడం వంటి నాలుగు పనులు చేయించింది. పాత వోల్వోలో 10 సెకన్లలో, 306 మీటర్లు పోయేలోగా పని ముగిసింది. అన్నిటికంటే వెనుకబడిన ఎంజీ మార్వెల్ ఆర్‌లో 44.6 సెకన్లు పట్టింది, ఈలోగా బండి 1,372 మీటర్లు పోయింది. ఐరోపాలో కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్ల వంటి వాటికి చేత్తో తగిలే మీటలు లేని కార్లకు మార్కులు తగ్గిస్తోంది. అమెరికా నౌకాదళం అంతకుముందే ఈ బాట పట్టింది. 2017లో జాన్ ఎస్ మెకెయిన్ యుద్ధనౌక సింగపూరు దగ్గర ప్రమాదానికి గురైంది. నౌకను నడిపే టచ్ తెరల గందరగోళం కూడా అందుకు కారణమని దర్యాప్తులో తేలడంతో, 2019లో మళ్లీ చేతి మీటలు పెట్టాలని నిర్ణయించింది.

తీసిన స్టీరియో

ఊడదీసిన కంపెనీ స్టీరియోను షాపువాడు పాత ఇనుము రేటుకు అడుగుతాడు. ఇవ్వకూడదు. అట్టపెట్టెలో పెట్టి, కారు కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకాల్లో స్టీరియో కోడ్ చీటీ ఉంటే దాన్నీ అందులోనే వేసి అటకెక్కించాలి. కొన్ని స్టీరియోలు కరెంటు తీసి మళ్లీ కలిపితే ఆ కోడ్ లేకుండా తెరుచుకోవు. కారు అమ్మేటప్పుడు పెద్ద తెరను తీసుకుని కంపెనీదాన్ని తిరిగి బిగించుకోవచ్చు, కొత్త కారులోకి తెర రాకపోయినా దాని ధర విడిగా వస్తుంది. కప్లర్ కోసి ఉంటే ఆ పెట్టెను తెరవక్కర్లేదు. అది పెట్టడానికి కారులో చోటుంటుంది గానీ, కలపడానికి వైరుండదు.